వావిలి కోసం నర్సరీకి వెళ్లి మోసపోయాను

మా అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. బోరు నీళ్లు ఇంట్లోకే చాలీచాలకుండా వస్తుంటే ఇక గులాబీలకెక్కడ పోస్తాం? అందుకే నీళ్లు పెద్దగా అడగని వావిలి చెట్టు గేటు పక్కన పెడదామని నర్సరీకి వెళ్లా. వావిలే అని 120 రూపాయలు తీసుకుని ఒక మొక్క ఇచ్చారు, ఆకు కింద వంకాయ రంగు, చూడ్డానికి బలే ఉంది. పక్కింటి అవ్వ ఒక ఆకు నలిపి వాసన చూసి, "ఇది వావిలేందమ్మా, నీ మొహం" అని పారేసింది. అది అందం కోసం పెంచే ఇంకో రకం, వావిలికి చుట్టం.

అసలు వావిలికి ఆకు కింద బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది, గాలికి ఆకులు తిరగబడితే చెట్టంతా ఒక్కసారి పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఒక్కో కాడకు మూడో అయిదో ఆకులు, నడిమిది పొడుగు. నలిపితే కర్పూరం, మిరియాలు కలిపి నూరినట్టు ఘాటు. అందరికీ నచ్చే వాసన కాదు, మా ఆయనకైతే అస్సలు పడదు.

చివరికి వాగు గట్టు మీద నుంచి పెన్సిలంత లావు కొమ్మలు నాలుగు విరుచుకొచ్చి, ఆకులు దూసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా తొలకర్లో నాటా. ప్రేమ ఎక్కువై రోజూ రెండుపూటలా నీళ్లు పోస్తే రెండు కుళ్లిపోయాయి. మిగిలిన రెండిటికీ మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండుసార్లు పోశా, ఆ తర్వాత చెంబెడు కూడా పోయలేదు. రెండో ఏప్రిల్లో ఆకులు రాల్చేసి పుల్లలు మిగిలితే చచ్చిపోయాయనే అనుకున్నా, వాన పడిన పది రోజులకే చిగుర్లు! ఇప్పుడు రెండూ నా తలను దాటాయి, లేత ఊదా పూలకు పొద్దున్నే తేనెటీగలు. వీధి మేకలు మూతి పెట్టి చూసి వెళ్లిపోతాయి, కంచె పని కూడా లేకుండా పోయింది.

ఎండాకులు బియ్యం డబ్బాలో వేస్తున్నా, పురుగు తగ్గినట్టే ఉంది. వినాయక చవితి పత్రిలో సింధువారం అంటే ఇదే కాబట్టి ఆ ముందురోజు గేటు మోగుతూనే ఉంటుంది. పోయిన నెల అవ్వ మనవరాలు కాన్పుకొచ్చింది. బాలింత స్నానానికని రోజూ గంపెడు ఆకు కోసుకుపోతోంది అవ్వ, చెట్లు సగం బోడివయ్యాయి. "కోస్తేనే గుబురుగా వస్తుందిలే" అంటూ ఈ పొద్దు కూడా కొడవలితో వచ్చింది.