సెచెడాలో ఒక్క అడుగు వెనక్కి

"ఇంకొక్క అడుగు వెనక్కి... ఇంకొంచెం..." అని మా ఆయన ఫోన్ పట్టుకుని చెబుతుంటే, కాలిబాట పక్కన కట్టిన తాడు దాటి గడ్డిలోకి దిగిపోయాను. వెనకాల కత్తితో కోసినట్టు, ఇటలీలోని సెచెడా శిఖరాలు. ఫొటో మాత్రం అదిరింది.

తర్వాత కిందికి చూశాను. నా బూట్ల చుట్టూ గడ్డి చాపలా అణిగిపోయి, మధ్యలో మట్టి తేలి ఉంది. నాకంటే ముందు ఎంతమంది ఇక్కడే నిలబడి ఇదే పోజు పెట్టారో!

కాస్త దూరంలో ఒక పెద్దాయన గడ్డి పోగు చేస్తున్నాడు. మమ్మల్ని చూశాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఈ డోలమైట్స్ కొండల మీద గడ్డి ఊరికే పెరిగింది కాదు. కోసి, ఎండబెట్టి, చలికాలం ఆవులకు వేసే మేత. తొక్కేస్తే కోతకు అందదు. 2025 జులైలో ఇక్కడి భూముల వాళ్లు విసిగిపోయి, కాలిబాటకు అడ్డంగా మెట్రో స్టేషన్లో ఉండేలాంటి గేటు పెట్టి మనిషికి 5 యూరోలు వసూలు చేశారు. ఆ వార్త చదివి "కొండ చూడ్డానికి కూడా టికెట్టా!" అని మ్యూనిక్‌లో కూర్చుని నవ్వుకున్నాం. రోప్‌వేకి మాత్రం ఈరోజు కిక్కురుమనకుండా కట్టాం లెండి.

చిన్నప్పుడు గట్టు దిగి వరిచేలో అడుగు పెడితే తాతయ్య ఊరుకునేవాడు కాదు. "కంకి మీద కాలేస్తావా?" అని ఒకసారి వీపు మీద ఒకటిచ్చాడు కూడా.

అంత మంచి ఫొటో ఎందుకు డిలీట్ చేశావని మా ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు.