కీళ్లవాతం మందులూ పేగుల్లో దాగిన పురుగూ

రుమటాయిడ్ కీళ్లవాతానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్, దానితోపాటు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టిన తొలి నెలల్లో ప్రాణం లేచివచ్చినట్లయింది. పొద్దున లేవగానే బిగుసుకుపోయే వేళ్లు విచ్చుకున్నాయి, చీర కుచ్చిళ్లు మళ్లీ నేనే పెట్టుకోగలిగాను. ఆ తర్వాత పొట్ట పైభాగాన మంట, వాంతులు మొదలయ్యాయి. తొడల మీద దురదతో ఎర్రటి గీత ఒకటి లేచి, కొద్ది గంటల్లోనే బెత్తెడు దూరం పాకి మాయమయ్యేది. దగ్గు, ఆయాసం, జ్వరం కూడా తోడయ్యాక మావారు ఆసుపత్రిలో చేర్పించారు.

మెథోట్రెక్సేట్‌కు ఊపిరితిత్తులను దెబ్బతీసే గుణం ఉంది కనుక డాక్టర్లు మొదట దానినే అనుమానించారు. మల పరీక్షలో ఏమీ కనిపించలేదు. పురుగులున్నప్పుడు పెరగవలసిన ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు కూడా మామూలుగానే ఉన్నాయి, ఎందుకంటే స్టిరాయిడ్ వాటిని అణచివేస్తుంది. చివరికి నా కఫాన్ని మైక్రోస్కోపు కింద పరీక్షించిన ల్యాబు వైద్యురాలికి అందులో కదులుతున్న లార్వాలు, అంటే పురుగు పిల్లలు, కనిపించాయి. అవి స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగువి.

ఈ పురుగు మట్టిలోంచి పాదాల చర్మం గుండా శరీరంలో చేరుతుంది. గోదావరి డెల్టాలో వరి చేల మధ్య చెప్పుల్లేకుండా తిరిగిన బాల్యం నాది. చాలా పేగు పురుగుల గుడ్లు బయట మట్టిలో కొంతకాలం గడిపితే గాని మరొకరికి సోకవు. దీని లార్వాలు మాత్రం పేగులోనే ఎదిగి, పేగు గోడను తొలుచుకొని మళ్లీ అదే మనిషిలో ప్రవేశిస్తాయి. అందుకే రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బర్మా-థాయిలాండ్ రైలు మార్గం వేసిన యుద్ధఖైదీలలో కొందరికి నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఈ పురుగు బయటపడింది. రోగనిరోధక శక్తి అదుపులో ఉంచినంత కాలం అది అణగి ఉంటుంది. స్టిరాయిడ్ ఆ అదుపును సడలిస్తే లార్వాలు విపరీతంగా పెరిగి, పేగులోని బాక్టీరియాను వెంటబెట్టుకొని రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రాణం తీసేది చాలాసార్లు ఆ బాక్టీరియానే. నా రక్తంలోనూ అవి పెరిగాయి.

నేను పశువైద్యురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అందుకే డాక్టరు చెబుతుంటే నాకు గేదె దూడలు గుర్తుకొచ్చాయి. దూడలకు పట్టే ఏలికపాము లార్వాలు తల్లి కండరాల్లో, అవయవాల్లో నిద్రాణంగా ఉండి, ఈనే సమయానికి పొదుగు చేరి, పాల ద్వారా దూడకు సంక్రమిస్తాయి. పుట్టిన కొద్ది వారాలకే దూడకు పురుగుల మందు పట్టించమని రైతులకు చెప్పేది అందుకే. గొర్రెల్లోనూ ఈనిన రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గి పురుగు గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఒంట్లో పురుగు ఉండటం ఒక ఎత్తు, దానిని కాసే శక్తి ఎప్పుడు సడలుతుందన్నది మరొక ఎత్తు. పశువైద్యంలో మేము పాటించే ఈ లెక్క కీళ్లవాతం వైద్యంలోనూ తప్పనిసరి కావాలని నా గట్టి నమ్మకం.

నన్ను బతికించిన ఐవర్‌మెక్టిన్ కూడా పశువైద్యం నుంచి వచ్చిందే. జపాన్ మట్టిలో సతోషి ఒముర కనుగొన్న సూక్ష్మజీవి నుంచి, విలియం క్యాంప్‌బెల్ బృందం కృషితో రూపొందిన ఈ మందు 1981లో పశువులకు, 1987లో మనుషులకు అందుబాటులోకి వచ్చింది. 2015లో వారిద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఆవులకు చర్మం కింద నేను ఎక్కించిన మోతాదే నాకూ ఇచ్చారు, కాకపోతే మాత్రల రూపంలో, కఫంలో, మలంలో లార్వాలు పూర్తిగా పోయేంతవరకు ప్రతిరోజూ. బాక్టీరియాకు యాంటీబయాటిక్స్ వేరుగా ఎక్కించారు. స్టిరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించారు.

తగ్గించినకొద్దీ కీళ్ల నొప్పులు తిరగబెట్టాయి. ఆ కాలం నిజంగా కష్టమైనది, గ్లాసు పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావలసి వచ్చేవి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో నెట్టుకొచ్చి, పురుగు లేదని రూఢి అయ్యాక మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు నడుస్తున్నాను, వంట చేసుకుంటున్నాను.

అమెరికాలో స్థిరపడిన మా చెల్లికి ఈమధ్య ఇదే కీళ్లవాతం మొదలైంది. చిన్నతనం ఏ ఊళ్లో, ఏ చేలల్లో గడిచిందో డాక్టరుకు ముందే చెప్పమన్నాను. అక్కడి డాక్టరు రక్తంలో ఈ పురుగు యాంటీబాడీలకు పరీక్ష చేయించారు. ఉన్నాయని తేలింది. రెండు రోజులు ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన తర్వాతే ఆమెకు స్టిరాయిడ్ మొదలుపెట్టారు.