టమేటా మడి తీసేసిన రోజు

పొద్దున్నే టమేటా చెట్లు పెరికేసినాం. ఉగాది ముందు నుంచి నేను అంటానే ఉన్నా, మా అత్త ఒప్పుకోలా. "పూత ఉండాది కదమ్మా, పూతున్న చెట్టును ఎట్ల పెరుకుతావు" అని రోజూ చెంబుతో నీళ్లు పోస్తానే వచ్చింది. పూత ఉండేది నిజమే, కానీ పొద్దున చూసిన పువ్వు మాపటికి కాడతో సహా కింద రాలి ఉంటాది. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి దిగకపోతే పుప్పొడిలో సత్తువ పోతుంది, ఇంక కాయ కట్టదు, ఎన్ని నీళ్లు పోసినా అంతే. మన కడపలో మార్చి సగం దాటినాక రాత్రి చల్లబడేది యాడ, ఒకపక్క నల్లమల ఇంకోపక్క పాలకొండలు, మధ్యలో ఊరు, బుగ్గవంకలో కూడా చెప్పుకునేంత నీళ్లుండవు.

పైగా ఎర్రనల్లి పట్టింది. ఆకు తిప్పి చూపించినా అత్తకి. అడుగున సన్నగా బూజు అల్లుకోని ఉంది, దాంట్లో ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర చుక్కలు మెల్లగా కదులుతాండాయి, పైవైపు ఆకంతా సూదితో గుచ్చినట్టు తెల్లతెల్లని మచ్చలు. ఎండ, పొడిగాలి ఉన్నన్నాళ్లు అది పెరగతానే ఉంటాది. పక్కనే వంగ ఉంది, దానికి పాకితే అదీ పోతాది అని చెప్పినాక "సరే అయితే, కానీ" అనింది. చెట్లని ఎరువుగుంతలో వేయనీలా నేను, గోతంలో కుక్కి మూతి కట్టి ఎండలో పెట్టేసినా.

అసలు సమస్య నీళ్లు. ఎండాకాలం వచ్చిందంటే కొళాయి నీళ్లు తాగడానికి వంటకి, బోరు నీళ్లు స్నానాలకి బట్టలకి, పెరటికి మిగిలేవి బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, రాత్రి బిందెల్లో మిగిలినవి. బోకులు తోమిన సబ్బు నీళ్లు అరటి పాదుకి పోతాయి, ఆకుకూరలకి అవి పోయనియ్యను. ఉన్న నీళ్లని ఏ చెట్టూ బాధపడకూడదని తలా కొంచెం పోస్తే పైమట్టి మాత్రమే తడుస్తుంది, వేర్లు కూడా పైకే వస్తాయి, మధ్యాహ్నానికి అన్నీ వాలిపోతాయి. దానికన్నా కొన్నిట్ని వదిలేసి మిగిలినవాటికి వేరు లోపలికి దిగేంత నిండుగా పోయడం మేలని నేను గట్టిగా నమ్ముతా. బీర, వంగ, మిరప, గోంగూర, ఇవి ఉండాలి. మునగ, కరేపాకు మన చేతి నీళ్ల కోసం చూసే చెట్లు కావు. మల్లె గురించి మాట్లాడే పనే లేదు, అది అత్తది.

పాదుల్లో చెనిక్కాయ పొట్టు మందంగా పరిచినాం, తడి చాలాసేపు నిలుస్తాంది. చెదలు పడతాయేమోనని వారానికోసారి కెలికి చూసుకోవాల, అంతే. ఇంకో తలనొప్పి మా పెరట్లో పరిచిన బండలు. కడప బండలు ఇంటికి ఎంత బాగుంటాయో చెట్లకి అంత కష్టం, పొద్దంతా ఎండని తాగి రాత్రి ఎనిమిదింటికి కూడా అరికాలు పెట్టనీవు. బండ పక్కనున్న మిరప మొక్కలు మాత్రమే రాత్రిళ్లు కూడా వాలిపోయి ఉంటే కారణం అదేనని అర్థమయింది. మా ఆయన పాత గోతాలు తడిపి ఆ అంచున పరిచినాడు, రెండో రోజుకే మొక్కలు లేచినాయి.

పెరికిన చెట్లకి ఎండలు ముదరకముందు కట్టిన పచ్చికాయలు బాగానే దొరికినాయి. అత్త వాటిని ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయలతో మగ్గబెట్టి, వేయించిన చెనిగ్గింజలు వేసి రోట్లో ఊరిబిండి నూరింది. మిక్సీలో వేస్తే మెత్తగా గంధం అయిపోతాది, ఊరిబిండి పలుకు తగలాల. పాపకి ఒంటిపూట బడి కదా, పన్నెండున్నరకి ఎర్రగా కందిపోయిన మొహంతో వచ్చి చేతులు కడుక్కోని సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి, ఊరిబిండి వేయించుకోని తినేసింది, నిద్రపోయింది. ఆ పూట ఇంట్లో అందరూ నిద్రే.

సాయంత్రం బీర దగ్గర పని. ఈ విత్తనాలు పక్కింటి ఖాలా ఇచ్చింది. ఉగాదికి దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి దగ్గరికి ముస్లింలూ వస్తారు కదా, అక్కడే కలిసినప్పుడు "నా బీర ఎక్కిందా పందిరికి" అని అడిగింది. ఎక్కింది, కానీ వేడికి మగపూలే ఎక్కువ పూస్తాంది. గుమ్మడి, దోస లాంటివి పొద్దున విచ్చుకుంటే బీర పొద్దుగూకే వేళకి విచ్చుకుంటాది, ఆ టైంకి వచ్చే పురుగుల మీదే వదిలేస్తే సగం పిందెలు పసుపెక్కి వాడిపోతాయి. అందుకని చేత్తో ముట్టిస్తాం. పాపకి నేర్పించినా. గుత్తిగా పొడుగు కాడతో ఉండేవి మగవి, ఒంటిగా ఉండి వెనక వేలంత పిందె, దాని మీద సన్న గీతలు ఉంటే ఆడది. మగపువ్వు తెంపి రేకులు ఒలిచేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రాయాల. "గట్టిగా ముట్టుకుంటే దానికి నొప్పి పుడతాదా జేజీ" అని అడిగింది. "పుడతాది, మెల్లగా" అనింది అత్త. ఊపిరి బిగబట్టి ఒక్కో పువ్వుకి రాసుకుంటా పోయింది, వేళ్లన్నీ పసుపు. మొదటి కాయ ఖాలాకే ఇవ్వాలని అప్పుడే తీర్మానం కూడా చేసేసింది.

ఖాళీ అయిన మడి గురించి రాత్రి మళ్లీ మాటలయినాయి. తవ్వి తొలకరి వరకు ఎండకి వదిలేద్దాం, మట్టిలో దాక్కున్న పురుగు, గుడ్లు సస్తాయి అని నేను. నేల ఉత్తగా పెట్టుకుంటారా, అలసందలు చల్లుదాం, ఎండకి తట్టుకుంటాయి అని అత్త. అలసందలు తట్టుకునే మాట నిజమే, కాదనలేదు. చివరికి వంగ వైపు సగం ఎండకి, కొళాయి వైపు సగం అత్తకి అని తెగింది. రేపు ఎండ ఎక్కకముందే పార పట్టాల, మా ఆయనకి చెప్పి పెట్టినా.