ఫ్రేమ్‌వర్క్ వస్తే చాలా, కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తెలియాలా?

జాంగో, స్ప్రింగ్, ఎక్స్‌ప్రెస్ లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లతో పని చేసేవాళ్ళకి ఆపరేటింగ్ సిస్టమ్ గొడవ ఎందుకు అని చాలామంది అంటుంటారు. తెలియాలనే అంటాను నేను. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కోడ్ చదవమని కాదు. ఫైల్ తెరిచినా, నెట్‌వర్క్‌లో ఒక్క బైట్ పంపినా, చివరికి ఆ పని చేసిపెట్టేది కెర్నలే, పని చెడినప్పుడు ఎర్రర్ వచ్చేది కూడా దాని భాషలోనే.

ఉదాహరణకి, రోజంతా బాగానే నడిచిన సర్వర్ ట్రాఫిక్ పెరగగానే 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' అంటుంది. మన కోడ్‌లో ఫైళ్ళే తెరవలేదు కదా అని తల పట్టుకుంటాం. లినక్స్‌లో సాకెట్‌కి (నెట్‌వర్క్ కనెక్షన్‌లో మన వైపు కొస) కూడా ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచినదానికి కెర్నల్ ఇచ్చే నంబరు) కావాలి, చాలా సిస్టమ్స్‌లో ఒక ప్రాసెస్‌కి డిఫాల్ట్ సాఫ్ట్ లిమిట్ 1024, వచ్చే ప్రతి క్లయింటూ, డేటాబేస్‌కి వెళ్ళే ప్రతి కనెక్షనూ ఆ లెక్కలోకే వస్తాయి. ఇది తెలిసినవాళ్ళు ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్ళూ, సాకెట్లూ చూపే కమాండ్) కొట్టి ఏవి మూతపడకుండా మిగిలాయో చూస్తారు. తెలియనివాళ్ళు లిమిట్ పెంచేసి ఊరుకుంటారు, కనెక్షన్లు లీకవుతుంటే అదీ కొన్నాళ్ళకి నిండిపోతుంది.

నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) అంతా అసింక్, అంటే ఒక పని కోసం ఇంకోటి ఆగదు, అనుకుంటాం కదా, ఫైల్ పనులూ, పాస్‌వర్డ్ హ్యాషింగూ, మామూలు డీఎన్ఎస్ లుకప్ (సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతకడం) కూడా నోడ్ లోపలి లిబ్‌యూవీ లైబ్రరీ థ్రెడ్ పూల్‌లోకి పోతాయి, అందులో డిఫాల్ట్‌గా ఉండేవి 4 థ్రెడ్లే. నాలుగూ హ్యాషింగ్‌లో ఇరుక్కుంటే, ఏ సంబంధమూ లేని ఒక ఏపీఐ కాల్ డీఎన్ఎస్ దగ్గరే ఆగిపోతుంది. ఎంతసేపు కోడ్ చదివినా ఇది కనిపించదు.

ఇక డిస్క్ సంగతి. రైట్ సక్సెస్ అయిందంటే డేటా సాధారణంగా పేజ్ క్యాష్‌లోకి (మెమరీలో కెర్నల్ ఉంచుకునే కాపీ) చేరినట్టు, అంతే. ఎఫ్‌సింక్ (డిస్క్ మీదికి నిజంగా రాయమని కెర్నల్‌ని అడగడం) చేయకముందే కరెంటు పోతే అది పోవచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్లే దీనితో తల బద్దలు కొట్టుకున్నారు: లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలయ్యాక మళ్ళీ పిలిస్తే సక్సెస్ అని రావచ్చు, డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. అందుకే ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ అలాంటప్పుడు మళ్ళీ ప్రయత్నించకుండా క్రాష్ అయి, మార్పులు ముందే రాసిపెట్టుకున్న తన లాగ్ నుంచి రికవర్ అవుతుంది. అంత అనుభవం ఉన్నవాళ్ళనే ఇబ్బంది పెట్టిన విషయాన్ని 'మా ఓఆర్ఎం (కోడ్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉండే లైబ్రరీ) చూసుకుంటుందిలే' అని వదిలేయడం నాకు నిజంగా భయం కలిగిస్తుంది.

కంటైనర్ (యాప్‌ని విడిగా నడిపే డాకర్ లాంటి పెట్టె) 137 ఎగ్జిట్ కోడ్‌తో పోవడం కూడా అంతే. 128కి 9 కలిపితే 137, అంటే సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే 9వ సిగ్నల్), చాలాసార్లు మెమరీ చాలక. దాన్ని ప్రోగ్రామ్ పట్టుకోలేదు కాబట్టే లాగ్‌లో చివరి మాట కూడా ఉండదు.

కొత్తవాళ్ళు ముందు ఇవన్నీ చదివి కూర్చోవాలని నేను అనను. ఫ్రేమ్‌వర్క్‌తో ఏదో ఒకటి కట్టండి, అది నడవనివ్వండి. తర్వాత మీ లినక్స్ మెషీన్‌లో ఆ యాప్ మీదే ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని అడిగే పనులు చూపే టూల్) -f -T ఆప్షన్లతో పెట్టి ఒక్క రిక్వెస్ట్ పంపండి. యాక్సెప్ట్ (కనెక్షన్ తీసుకోవడం) ఎక్కడ జరిగింది, ఏ ఫైళ్ళు తెరుచుకున్నాయి, దేనికోసం ఎంతసేపు ఆగింది, అన్నీ వరసగా స్క్రీన్ మీద కనిపిస్తాయి.