కత్తి పట్టని సర్జన్

"ఇప్పుడు కోయను" అన్నారు సర్జన్. ఆపరేషన్ తేదీ కోసం వెళ్లిన మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పాప ఉంగరపు వేలి పక్కన శనగగింజంత గట్టి బొడిపె, నున్నగా, గులాబీ రంగులో. బయాప్సీలో తేలిన పేరు ఇన్‌ఫాంటైల్ డిజిటల్ ఫైబ్రోమా. అరుదైనదే, కానీ క్యాన్సర్ కాదు, ఒంట్లో మరెక్కడికీ పాకదు. దాదాపుగా చేతి, కాలి వేళ్లకే వస్తుంది. బొటనవేళ్ల జోలికి మాత్రం సాధారణంగా పోదట. వాటి మీద ఎందుకంత దయో!

చిక్కంతా కోశాకే. తీసిన చోటే మళ్లీ మొలవడం దీనికి అలవాటు. 1965లో ఆస్ట్రేలియా పాథాలజిస్టు రై దీన్ని వివరించినప్పుడే ఈ మొండితనం బయటపడింది. వదిలేస్తే చాలామంది పిల్లల్లో కొన్నేళ్లకు దానంతటదే కరిగిపోతుంది. వేలు వంకరపోతుంటేనో, కీలు బిగుసుకుంటుంటేనో కోస్తారు. గాయం పెద్దదైతే వేరే చోటి చర్మం తెచ్చి అతకాలి కూడా.

తర్కం బాగానే అర్థమైంది. అయినా నిజం చెప్పాలంటే, ఊరికే చూస్తూ ఉండటం కంటే ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోవడమే సులువనిపించింది. అక్కడ కనీసం తలుపు ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుంది.

ఇక మా పని: నెలకోసారి పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయడం, వేలు పూర్తిగా ముడుచుకుంటోందో లేదో గమనించడం. పాపకు ఇవేవీ పట్టవు, హాయిగా ఆ వేలే చప్పరిస్తోంది.

"ఇంకా తీయించలేదా?" అని అడగబోయే బంధుమిత్రులందరికీ ఈ పోస్టే జవాబు. దయచేసి పసర్ల సలహాలు పంపకండి.