ఎముకల గదిలో అమ్మ

ఇవాళ ఇంటిల్లిపాదీ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి వెళ్లొచ్చాం. పాప కోసమని బయల్దేరాం గానీ, అక్కడ ఒకచోట కదలకుండా నిలబడిపోయింది మాత్రం అమ్మ.

పాప లోపలికి అడుగుపెట్టగానే డైనోసార్ దగ్గరికి పరుగెత్తింది. దాని తోక ఈ చివర నుంచి తల ఆ చివర దాకా రెండుసార్లు నడిచింది. పక్కనున్న బోర్డు మీద ఇది అసలు ఎముకల అచ్చు అని చదివాక ముఖం చిన్నబుచ్చుకుంది. రాయిగా మారిన ఎముకలు బాగా బరువుంటాయి, పెళుసుగా కూడా ఉంటాయి. పైగా పరిశోధకులు వాటిని మళ్లీ మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది. అందుకే చాలా మ్యూజియంలు అసలువి లోపల దాచి అచ్చులు నిలబెడతాయని మా ఆయన నచ్చజెప్పారు. "అయితే ఇది అబద్ధం డైనోసార్ కాదుగా?" అని అడిగి, కాదనిపించుకున్నాకే అక్కణ్నుంచి కదిలింది.

జంతువుల తోళ్లలో దూది కూరిన బొమ్మల గది త్వరగా దాటేశాం. ఆ గాజు కళ్లంటే పాపకు భయం. నాకూ ఆ గది నచ్చదు.

ఆ పక్క గదిలో ఒక గాజు అరలో నాలుగు చేతుల ఎముకలు వరసగా పెట్టారు: మనిషిది, గబ్బిలానిది, డాల్ఫిన్‌ది, గుర్రానిది. ఆమధ్య అమ్మకు మణికట్టు విరిగింది. ఆ ఎక్స్‌రేలు డాక్టర్ చూపిస్తుంటే ఎంత శ్రద్ధగా చూసేదో! ఇప్పుడు మనిషి చేతిని చూసి "ఇదిగో, నాకు విరిగింది ఈ ఎముకే" అంది. తర్వాత డాల్ఫిన్ వైపు జరిగింది. భుజం నుంచి పొట్టిగా ఒక ఎముక, దాని కింద రెండు, మణికట్టులో గులకరాళ్లలాంటి చిట్టెముకలు, ఆపైన వేళ్లు. పైకి తెడ్డులా నున్నగా కనిపించే ఆ రెక్కలో ఐదు వేళ్లున్నాయి. మధ్య వేళ్లలో కణుపులు మనకన్నా ఎక్కువ.

"నీళ్లలో ఈదేదానికి వేళ్లెందుకే?" అంది అమ్మ.

డాల్ఫిన్‌లు, తిమింగలాలు నేల మీద నాలుగు కాళ్లతో తిరిగిన జంతువుల నుంచి వచ్చాయనీ, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటే అవి నీళ్ల బాట పట్టాయనీ చెప్పాను. మనిషి చేయి, నేల తవ్వుకుంటూ బతికే మోల్ అనే చిన్న జంతువు కాలు, గుర్రం కాలు, గబ్బిలం రెక్క ఒకే అమరికలో ఎందుకున్నాయని 1859లో డార్విన్ రాసింది కూడా ఇదే సంగతి. వీటన్నిటికీ మూలపురుషుడు ఒకడే కావడమే దానికి జవాబు. బడిలో ఈ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ అమ్మ తన చేతిని గాజుకు ఆనించి ఒక్కో ఎముకా పోల్చుకుంటుంటే చూశాకే అది నిజంగా బుర్రకెక్కింది.

గుర్రం దగ్గరైతే నవ్వులే నవ్వులు. మనం ముందు కాలి మోకాలు అనుకునేది దాని మణికట్టట. ఆ కింద మిగిలింది ఒకే ఒక్క వేలు, మధ్యవేలు. గిట్ట అంటే ఆ వేలి గోరే. "అంత బరువూ ఒంటి వేలి మీదే!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. పాప వెంటనే బెంచీ మీద మధ్యవేలు ఆనించి బరువంతా మోపబోయింది. "నొప్పెడుతోంది అమ్మమ్మా" అని చేయి ఊపుకుంటూ లేచింది.

ఆ తర్వాత ప్రతి జంతువు దగ్గరా ఇద్దరూ మణికట్టు ఎక్కడుందో వెతికారు. జిరాఫీ మెడలోనూ మన మెడలోలాగే వెన్నుపూసలు ఏడే అని మా ఆయన చెబితే, పాప నమ్మక స్వయంగా లెక్కపెట్టింది. ఏడే వచ్చాయి.

మరి పాముకు చేతులేవని అడిగింది. ముందు కాళ్లు ఆనవాలైనా లేవు, కొండచిలువకు మాత్రం తోక మొదట్లో వెనక కాళ్ల తాలూకు చిన్న ముక్కలు మిగిలి ఉంటాయి అన్నాను. అది చూపిద్దామనేసరికి మూసేసే వేళయింది. ఈసారి వస్తే ముందు పాముల దగ్గరికే వెళ్లాలని అమ్మమ్మా మనవరాలూ దారిలోనే తేల్చేసుకున్నారు.