పీత బొరియ, వినైల్ పట్టా

ఈసారి సెలవు మీద ఇంటికి వచ్చేసరికి సార్వా నాట్లు పడి పది రోజులైంది. అల్లవరం వైపు మాకున్న ఎకరంన్నర చేలో సాయంత్రం నిలబెట్టిన నీరు తెల్లవారేసరికి బొటనవేలి మందం తగ్గుతోందని నాన్న రెండు రోజులుగా గట్టు వెంట తిరుగుతున్నారు. నేనూ వెంట నడిచాను. ఆయన చెప్పులు విడిచి, గట్టు లోపలి అంచున ఒక్కో అడుగూ నొక్కి వేస్తూ పోయి, ఒకచోట ఆగి, గుప్పెడు ఊక తీసి నీటి మీద చల్లారు. కాసేపు కదలకుండా తేలిన ఊకలో కొంత మెల్లగా గట్టు వైపు జరిగి, చిన్న సుడి తిరిగి, లోపలికి పోయింది. అది పీత బొరియ.

“మస్కట్లో నీ పనీ ఇదేగదరా?” అన్నారు నాన్న, చెయ్యి మోచేతి దాకా బొరియలోకి పోనిస్తూ.

ఇన్నేళ్లలో ఆయన నా పని గురించి అడగడం అదే మొదటిసారి. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయని, పెట్టుబడి కూడా తిరిగి రావడం లేదని కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన మరుసటి ఏడు నేను ఒమాన్ వెళ్లాను. ఈత కొలనులు శుభ్రం చేసే పని అని చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఇప్పుడు ఆయన బంకమట్టిలో గడ్డి కలిపి తొక్కుతుండగా, గట్టు మీద కూర్చుని నిరుడు జరిగిన ఒక పని సంగతి చెప్పాను.

అక్కడి విల్లాల్లో కొలనులు ఎక్కువగా టైల్స్ వేసినవే. ఈ ఇంట్లో మాత్రం వినైల్ లైనర్ ఉంది. మన రొయ్యల చెరువుల్లో పరిచే షీటులాంటిదే అనుకోవచ్చు. మందం మిల్లీమీటరు కూడా ఉండదు, దాని కింద నేలంతా చదును చేసిన ఇసుక. తొమ్మిది మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉన్న ఆ కొలనులో నీరు రోజుకు ఐదు సెంటీమీటర్లు తగ్గుతోందని అర్బాబ్, అంటే ఆ ఇంటి యజమాని, ఫోన్ చేశాడు. మా సూపర్‌వైజరు చూసీ చూడగానే లైనర్ మార్చాలని తేల్చేశాడు. ఆ ఎండలో కొంత ఆవిరై పోయేదే కాబట్టి, ముందు ఆ లెక్క తేలాలని నేనన్నాను. బకెట్లో కొలను నీరే పోసి, లోపలి మట్టమూ బయటి మట్టమూ ఒకటిగా ఉండేట్టు మెట్టు మీద నిలబెట్టి, రెండింటికీ గుర్తులు పెట్టాను. మర్నాటికి బకెట్లో ఒక సెంటీమీటరు తగ్గితే కొలనులో ఐదు తగ్గింది. తేడా నాలుగు సెంటీమీటర్లు, అంటే ఆ వైశాల్యానికి రోజుకు 1,620 లీటర్లు.

“పక్క చేలోకి పోయినా పంటకే పోతుందిగా,” అన్నారు నాన్న. ఆయన మాట మా నేలకు నిజం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మా ఊళ్లలో సేద్యమంటే ఒక మడి నుంచి మరో మడికి నీటిని అప్పగించుకునే వ్యవహారమే. మస్కట్ కొళాయి నీరు చాలావరకు సముద్రపు ఉప్పు తీసి తయారుచేసినది, అది ఇసుకలోకి పోతే ఎవరికీ చెందదు.

కొలను నీటిని తిప్పే మోటారు నడిపిన రోజూ, ఆపిన రోజూ తేడా ఒకటే వచ్చింది. మోటారు నడిచినప్పుడే ఎక్కువ పోతే వెనక్కి నీరు తోసే పైపులను అనుమానించాలి. ఇక్కడ అవి బాగున్నట్టే. తరువాత మోటారు ఆపేసి, చేత్తో క్లోరిన్ కలుపుతూ వారం రోజులు నీరు నింపకుండా వదిలేశాను. కారే కొలనులో నీరు చిల్లు ఉన్న మట్టానికి దిగి, ఆపైన ఆవిరికి తగ్గడమే తప్ప కారడం ఆగిపోతుంది. మా కొలనులో నీరు ఆకులను లాగే స్కిమ్మర్ నోటిని దాటింది, నీరు తిరిగి వచ్చే రంధ్రాలనూ దాటింది, తగ్గే వేగం మాత్రం మారలేదు. చిల్లు ఇంకా కిందే ఉంది.

అప్పుడు సూపర్‌వైజరు మొత్తం తోడేయమన్నాడు. ఈ ఒక్క చోట నేను గట్టిగా అడ్డుపడ్డాను. తొమ్మిదేళ్ల లైనర్ ఆ ఎండలో ఖాళీగా ఉంటే ముడుచుకుపోతుంది, మళ్లీ నీరు పోసినా మూలలకు అందదు, సాగి చిరుగుతుంది. మన లంకల్లో అయితే బాధ వేరు: పార వేస్తే నీరు పడే నేల గనుక, పైబరువు తీసేసిన మరుక్షణం ఊట కింది నుంచి పట్టాను బుడగలా లేపేస్తుంది. ఏ దేశంలోనైనా లైనర్ కొలనును పూర్తిగా తోడటం ఆఖరి మాటే కావాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమాన్‌లో నిబంధన ఉంది. నాకు కావలసింది ఎలాగూ గాలి లేవని తెల్లవారుజామే. లోతు తక్కువ వైపు దిగి, తొడల లోతు నీటిలో అడుగు అడుగూ నొక్కుతూ నడిచాను. మూల దగ్గర మడమ కింద నేల మెత్తగా కుంగింది. నీరు పోతూ పోతూ కింది ఇసుకను కోసుకుపోయిన చోటు అది. సిరంజిలో ఎర్రరంగు నింపి, ఊపిరి బిగబట్టి మునిగి, అక్కడ ఒక్క చుక్క వదిలాను. అది పొగలా విప్పుకోకుండా దారంలా సన్నబడి లైనర్‌లోకి దిగిపోయింది. వేలితో తడిమితే గోరంత చీలిక. చీలిక పక్కనే సమాన దూరంలో రెండు గీతలు కనిపించాయి. అడుగు శుభ్రం చేయడానికి వారం వారం మేమే నడిపే వ్యాక్యూమ్ తలకు ఒక చక్రం ఊడిపోయి ఉంది, దాని అంచు గీతలే అవి. నేను చూపించాను, సూపర్‌వైజరూ చూశాడు, రిపోర్టులో మాత్రం “లైనర్ పాతది” అని రాశాడు. ఆ చక్రం నా జేబులోంచి డబ్బు పెట్టి నేనే కొన్నాను.

అతుకును అరచేయంత, గుండ్రంగా కత్తిరించాను. మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. నీటి అడుగున పట్టే జిగురు పూసి, అప్పచ్చిలా సగానికి మడిచి కిందికి తీసుకుపోయి, చీలిక మీద విప్పి, నడిమి నుంచి అంచులకు నీరూ గాలీ తోసేస్తూ నొక్కి, ఒక రోజంతా మీద ఇసుక సంచి పెట్టి ఉంచాను. కింద ఏర్పడిన గుంట అలాగే ఉందని, లైనర్ మార్చే నాడే అది పూడుతుందని అర్బాబ్‌కు చెప్పాను. మరుసటి వారం బకెట్టూ కొలనూ సమానంగా తగ్గాయి.

“అడుగు పెడితే తెలిసేదానికి వారం నీరు ఎండబెట్టావు,” అన్నారు నాన్న. ఆ వారం లేకపోతే గోడలన్నీ వెతకాల్సి వచ్చేదని చెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టు లేదు. బొరియను గట్టు బయటి వైపు నుంచి కూడా తవ్వి, పీతను తీసి బోదెలోకి విసిరి, రెండు వైపులా మట్టి కూరి మడమతో తొక్కారు. తరువాత కొబ్బరి ఈనె ఒకటి విరిచి, నీటి మట్టం దగ్గర గోటితో నొక్కు పెట్టి మడిలో గుచ్చారు.

పొద్దున వెళ్లి చూస్తే నీరు నొక్కు దగ్గరే ఉంది. ఈనె తీయబోతుంటే నాన్న వద్దన్నారు. ఇంకో రాత్రి ఉండనిమ్మన్నారు.